ఫోను మింగిన ‘ఒరేయ్’

మా మండలంలో నాకన్నా మర్యాదస్తుడు లేడు. ఏళ్ల తరబడి నా ఫోను నుంచి ఒక్క ‘ఒరేయ్’ కూడా బయటికి పోలేదు. పోనిస్తేగా! ఇప్పటి ఫోన్లు మన మాటను మర్యాదగా దిద్దిగాని పంపవు.

చిన్ననాటి నేస్తం తవిటినాయుడు మంచాన పడ్డాడని తెలిసి, “ఒరేయ్ సన్నాసీ, నన్నొదిలేసి ముందే పోతావట్రా?” అని ఫోనుకు చెప్పి సందేశం పంపమన్నాను. ఫోను దాన్ని, “గౌరవనీయులైన మీరు త్వరగా కోలుకోవాలి” అని దిద్ది పంపింది.

వాడి కూతురు ఫోన్ చేసింది. “బాబాయ్, ‘మీరు’ అన్నారట! ఫోను దిద్దిందంటే నాన్న నమ్మడం లేదు. పరాయివాణ్ణయిపోయానని అన్నం ముట్టడం లేదు.”

వెంటనే బస్సెక్కాను. వాడి చెవిలో “ఒరేయ్” అన్నాను. వాడు పకపకా నవ్వి, లేచి కూర్చుని కంచం నాకేశాడు.

ఆ నవ్వూ, ఆ కంచమూ నా కల్పన. వాడు కళ్లు తెరవకుండానే “ఏరా” అన్నాడు. అంతే.