నూనె సీసాకు కాపలా

దొంగను పట్టడానికి కృష్ణమూర్తి కొబ్బరినూనెలో పసుపు కలిపాడు.

కొంచెం కాదు, నాలుగు చెంచాలు. సీసా బాగా కుదిపి, మూత బిగించి, మనవరాలు మీనా ఈత సంచిలో అన్నిటికన్నా పైన, దొంగ చేతికి ఇట్టే అందేలా పెట్టాడు. ఊళ్ళో ఉన్నప్పుడు ముప్పై ఏళ్ళు రైసుమిల్లుకు కాపలా కాసిన మనిషి. చదువు మూడో తరగతి. దొంగల సంగతి తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం మిల్లు యజమానికి ఎప్పుడూ కలగలేదు.

"తాతయ్యా, ఈ ప్లాన్ వర్క్ అవుతుందా?" అంది మీనా. పదమూడేళ్ళ పిల్ల, ఇక్కడే అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే పుట్టింది.

"పసుపు అంటితే ఓ పట్టాన వదలదే. ఎవరి నెత్తి పచ్చగా ఉంటే వాళ్ళే దొంగ."

మీనా స్విమ్మింగ్ టీంలో ఉంది. పూల్‌లో కలిపే క్లోరిన్‌కి నడుం దాకా ఉన్న జుట్టు కొబ్బరిపీచయింది. తల్లి శశికళ హాస్పిటల్‌లో నర్సు. తలకు నూనె పట్టించి, పైన రబ్బరు టోపీ పెట్టుకుని దిగమని ప్రతి ఆదివారం సీసా నింపి ఇచ్చేది. అది బుధవారానికే ఖాళీ. మిగిలిన మూడు రోజులూ నూనె లేక జుట్టు కుచ్చులుగా రాలేది.

"నువ్వే పారబోస్తున్నావు. నూనె వాసన ఆ పిల్లల దగ్గర నామోషీ నీకు. ఈ శనివారమే ఆఖరు. స్విమ్మింగ్ బంద్" అని తేల్చేసింది శశికళ.

మీనా రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడు తాతయ్య రంగంలోకి దిగాడు.

ఆ సంచిలో ఆయనకూ అలాంటి సీసానే ఇంకొకటి ఉండేది. మోకాళ్ళ నొప్పులకు వారానికి మూడు రోజులు నీళ్ళలో నడవమన్నాడు డాక్టరు. సోమవారం నుంచి బుధవారం దాకా మీనాతో పాటే పూల్‌కి వెళ్ళేవాడు. నీళ్ళలో దిగే ప్రతి తలకూ టోపీ ఉండాలన్నారు పూల్ వాళ్ళు. ఆయన తల మీద వెంట్రుక లేదు, అయినా రూలు రూలే. బట్టతల మీద రబ్బరు టోపీ ఎక్కాలంటే చర్మం ఊడొచ్చినంత పని. నెత్తిన ఇంత నూనె పోసుకుంటే గానీ జారేది కాదు. అయినా ఆయన సీసాలో నూనె నెల గడిచినా మెడ దిగలేదు.

"చూశావా, వాడితే నాలా పొదుపుగా వాడాలి" అని మీనాకు బుద్ధి కూడా చెప్పాడు.

అనుమానం డెబీ మీద. మీనా టీంలోనే ఈదుతుంది. ఒకసారి మీనా సీసా మూత తీసి వాసన చూసి, "మ్మ్, కుకీస్ లాగా ఉంది" అని ఇంగ్లీషులో మురిసిపోయింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

శనివారం మీనా ఇంట్లోనే మంచి నూనె రాసుకుని వచ్చి, సంచి తాతయ్యకు అప్పగించి నీళ్ళలోకి దూకింది. ఆయన సంచితో సహా మగవాళ్ళ గదికి వెళ్ళి, కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టి, ఎప్పటిలాగే తయారై, టోపీ బిగించుకుని వచ్చాడు. సంచి బెంచీ మీద పడేసి, ఏమీ ఎరగనట్టు నీళ్ళలో నడవసాగాడు. కళ్ళజోడు లేకపోతే ఆ బెంచీ కూడా ఆయనకు ఆనదు. ప్లాన్‌లో లోపమేదైనా ఉంటే అదొక్కటే అనుకున్నాడు.

ప్రాక్టీసు అయింది. ఆయన పరుగున వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని, పిల్లలు ఎక్కే మెట్ల దగ్గర నిలబడ్డాడు.

డెబీ టోపీ లాగింది. పసుపుపచ్చటి జుట్టు!

"దొరికింది దొంగ!" అని అరిచి చెయ్యి పట్టుకున్నాడు.

వెనక పిల్ల టోపీ లాగింది. పసుపుపచ్చ. దాని వెనక పిల్లదీ పసుపుపచ్చే.

"తాతయ్యా, వదులు! వాళ్ళంతా బ్లాండ్స్! వాళ్ళ జుట్టు రంగే అది, పుట్టినప్పటి నుంచీ అంతే!"

"ముందే చెప్పొద్దుటే?"

"నువ్వు రోజూ చూస్తున్నావుగా!"

డెబీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదే సమయానికి శశికళ డ్యూటీ దిగి, తెల్ల యూనిఫాంతోనే వచ్చింది. "ఏంటి నాన్నా ఈ గోల? ఆ పిల్లనేం చేశావు?"

కృష్ణమూర్తి అంతా చెప్పాడు. శశికళ తల పట్టుకుంది. తర్వాత సంచిలోంచి పసుపు నూనె సీసా తీసి వెలుతురుకు పట్టి చూసింది.

"పొద్దున నిండుగా పెట్టావా?"

"మూతి దాకా."

"పావు వంతు లేదు. అంటే మీనా అబద్ధం చెప్పలేదన్నమాట. దొంగను చూపించు నాన్నా, దాని స్విమ్మింగ్ మానిపించను."

నర్సు కదా, డెబీకి సారీ చెప్పి, పేలు చూసినట్టు ఏడుగురు పిల్లల జుట్టూ పాయలు తీసి చూసింది. మాడులన్నీ తెల్లగా ఉన్నాయి. మీనాది కూడా చూసింది. శుభ్రం. కోచ్ కూడా నవ్వుతూ వచ్చి తల వంచాడు. ఏమీ లేదు.

"ఇంకెవరి తల మిగిలింది?" అంది శశికళ.

కృష్ణమూర్తి పూల్ చుట్టూ కలియజూశాడు. "టోపీ తియ్యని తల ఒక్కటి కూడా లేదమ్మా. అన్నీ నేనే చూశాను."

డెబీ కళ్ళు తుడుచుకుంటూ ఆయన వైపే వేలు చూపించింది. మీనా మునివేళ్ళ మీద లేచి తాతయ్య రబ్బరు టోపీ పట్టుకుని ఒక్క లాగు లాగింది.

డెబ్బై ఏళ్ళ కృష్ణమూర్తి తల, పెళ్ళికొడుకును చేసినట్టు, పసుపుతో నిగనిగలాడిపోతోంది.