పెళ్లి క్యాసెట్టుకి మూడో కార్డు

“కంప్యూటర్లో ఉన్న ఈ కొత్త కార్డు డిజిటల్ కెమెరాకండి. పెళ్లి క్యాసెట్టుకి పనికిరాదు,” అన్నాడు రాజోల్లో వీడియో స్టూడియో నడిపే దానం.

“ఏదోటి పెట్టి సీడీ చెయ్యండి,” అంది రేచల్. “మా పెళ్లిలో అత్తగారికి గారె ముక్క కూడా దక్కలేదంట. పదకొండేళ్లుగా ఈవిడ ఊరంతా చెప్పుకుంటున్నారు. ఇవాళ తేలిపోవాలి.”

“తేలనీ,” అంది అత్తగారు మార్తమ్మ, కుర్చీలో బాసింపట్టు వేసుకుని.

దానం కంప్యూటరు పొట్ట విప్పి రెండో కార్డు బిగించాడు. అది టీవీ కార్డు. తెర మీద కేబుల్ వాళ్ల రొయ్యల మేత ప్రకటన వచ్చింది.

“పెళ్లికి రొయ్యల్ని కూడా పిలిచేరా?” అంది మార్తమ్మ.

బైబిల్లోని నోవహు ఓడలోంచి దిగినంత పాత కార్డు మూడోది. అది బిగించి, ఎర్ర, తెల్ల, పసుపు వైర్లు గుచ్చాడు దానం. “వీసీఆర్ టేపులకి ఇదేనండి.”

భోజనాల పందిరి కనిపించింది. మార్తమ్మ విస్తట్లో గారెలు గోపురమంత ఉన్నాయి.

“దొరికేరు అత్తయ్యగారూ!” రేచల్ ఎగిరి గంతేసింది.

తెర మీద మార్తమ్మ అటూ ఇటూ చూసి, గారెలన్నీ కొంగులో మూటగట్టుకుని లేచి వెళ్లింది.

“ఆయ్, దొంగతనం కూడానండి!” దానం పొట్ట పట్టుకుని నవ్వాడు.

తర్వాత పెళ్లికూతురు కనిపించింది, రెండు బుగ్గల నిండా గారెలతో. ఎవరూ చూడకుండా అడ్డంగా నిలబడి ఉంది మార్తమ్మ, ఖాళీ కొంగుతో.

రేచల్ గొంతు తగ్గింది. “వంటల దగ్గర్నించి తెచ్చేరనుకున్నాను. అవి మీ విస్తట్లోవా?”

“ఒక్కటైనా మిగిల్చేవా?”

రేచల్ లేచి అత్తగారి చెయ్యి పట్టుకుంది. “పదండి, సెంటర్లో వేడి గారెలు తిందురు గాని.”

“ఏమయ్యా దానం, ఆ డిజిటల్ కెమెరా పట్టుకుని నువ్వూ రా,” అంది మార్తమ్మ. “ఈసారి నేను తిన్నది నీ కొత్త కార్డులోకి ఎక్కాలి.”