మూడో చోటు

"మూడో చోటు దేనికమ్మా? మనకున్నవే రెండు బ్రాంచీలు," అన్నాడు జోగారావు, పరీక్ష ఇంకో వారం ఉందనగా.

ఆయన కోచింగ్ సెంటర్లు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకటి, ఎల్బీనగర్‌లో ఒకటి. రెండుచోట్లా ఒక్కో సర్వర్ పెట్టించాడు. ఒకటి మొరాయిస్తే రెండోది పని అందుకోవాలి, స్కాలర్‌షిప్ పరీక్ష మాత్రం ఆగకూడదు. ఆ ఏర్పాట్లన్నీ చూసే ఇంజనీరు సింధూర.

"సార్, రెండు బ్రాంచీలనూ కలిపే లైను తెగిందనుకోండి. ఇక్కడి సర్వర్ అక్కడిది చచ్చిపోయిందనుకుంటుంది. అక్కడిది ఇక్కడిది చచ్చిపోయిందనుకుంటుంది. రెండూ ఇక నేనే పెద్దనని కూర్చుంటాయి. ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో చెప్పడానికి మూడోచోట ఒక చిన్న మిషను సాక్షిగా ఉండాలి."

"సాక్షి కావాలనడానికి ఇదేమన్నా రిజిస్టర్ పెళ్లా?"

"పోనీ, మనకున్న రెండు లైన్లయినా వేరువేరు దారుల్లో రావాలి సార్. ఒకటి కొత్తపేట మీదుగా, ఇంకోటి కర్మన్‌ఘాట్ మీదుగా."

"అందుకేగా రెండు కంపెనీల దగ్గర తీసుకుంది! కంపెనీలు వేరైతే దారులు వేరే ఉంటాయి," అని జోగారావు ఫోనందుకున్నాడు. ఇక వెళ్లమని దానర్థం.

ఆదివారం పొద్దున రెండు బ్రాంచీల్లో కలిపి తొమ్మిది వందలమంది పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. ఫస్టు ర్యాంకు వచ్చిన ఒక్కరికి రెండేళ్లు కోచింగూ హాస్టలూ ఉచితం. ఒంటిగంటకల్లా అమ్మానాన్నల ఫోన్లకు ర్యాంకు మెసేజి వెళ్లాలి.

పదకొండుంబావుకు కొత్తపేట దగ్గర కాలువ తవ్వుతున్న జేసీబీ ఒక్క ఊపులో రెండు కేబుళ్లూ తెంపేసింది. కంపెనీలు వేరే గానీ, కేబుళ్లు వేసిన గొయ్యి ఒకటే.

దిల్‌సుఖ్‌నగర్‌లో స్క్రీను మీద, లైను తెగిందని చెప్పే ఎర్రగీత చూడగానే సింధూర ఎల్బీనగర్ మేనేజరు కమలాకర్‌కు ఫోన్ చేసింది.

"గీడ ఏం పరేషాన్ లేదు మేడం. పరీక్ష మంచిగనే నడుస్తున్నది. పిల్లలకైతే ఏం తెల్వనే తెల్వది."

ఆమె భయమూ అదే. ఇక్కడా మంచిగానే నడుస్తోంది. పరుగున జోగారావు గదికి వెళ్లింది.

"సార్, ఫలితాలు సాయంత్రం దాకా ఆపాలి. లైను అతికించేదాకా అక్కడి మార్కులు ఇక్కడికి తెలియవు, ఇక్కడివి అక్కడికి తెలియవు. ఏ సర్వరుకా సర్వరు తన దగ్గరున్న పిల్లలకే ర్యాంకులు ఇచ్చేస్తుంది."

"పరీక్ష ఆగిందా?"

"ఆగలేదు సార్."

"పరీక్షే ఆగనప్పుడు ఫలితం ఎందుకాగాలమ్మా? ఒంటిగంటకని ఫ్లెక్సీ కట్టించాం!"

ఒంటిగంటకు ఏ సర్వరుకా సర్వరు తన సిమ్‌కార్డు నుంచి మెసేజీలు పంపేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో శ్రీకర్‌కు ఫస్టు ర్యాంకు. ఎల్బీనగర్‌లో సాయిప్రియకు ఫస్టు ర్యాంకు.

అక్కడి మార్కులు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడానికి సింధూర మెట్రో ఎక్కింది. ఎల్బీనగర్ బ్రాంచి గుమ్మంలో ఒకావిడ గంప దించుకుని, వచ్చినవాళ్లకల్లా బత్తాయిలు పంచుతోంది. సాయిప్రియ తల్లి మణెమ్మ. మెట్రో మెట్ల కింద అమ్ముకునే పళ్లవి.

కమలాకర్ ఏం చెప్పాడో, మణెమ్మ వచ్చి సింధూర రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వేనంట గద బిడ్డా గీ మిషన్లు జూసేది? సల్లగుండు. మాది ఒక్కటే రూము, కిరాయిది. నేను పొద్దుగాల్ల లేసి మార్కెట్‌కు పోవాలెనని, నా నిద్ర చెడగొట్టొద్దని, రాత్రిపూట లైటు ఎయ్యకుండ ఫోన్ ఎలుగుల సదివింది నా బిడ్డ. హాస్టల్ల మంచం ఇస్తరంట గద, నిజమేనా?"

"ఇస్తారమ్మా," అంది సింధూర. కమలాకర్ ఇచ్చిన పెన్‌డ్రైవ్ అందుకుని స్టేషన్‌కు నడిచింది.

తిరుగు మెట్రోలో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని రెండు జాబితాలూ కలిపింది. ఫస్టు శ్రీకరే. సాయిప్రియది పదకొండో ర్యాంకు. మళ్లీ కలిపి చూసింది. పదకొండే.

జోగారావు గదిలోకి వెళ్లి నిలబడే చెప్పింది.

"సార్, సాయిప్రియకు వెళ్లిన మెసేజి తప్పు. ఆ పిల్లది పదకొండో ర్యాంకు. వాళ్లమ్మకు ఆ మాట నేను చెప్పలేను. చెప్పాల్సిందే అంటే ఉద్యోగం మానేస్తాను."

జోగారావు రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"చెప్పొద్దు. ఇద్దరికీ ఇచ్చేద్దాం."

సింధూర తన చెవుల్ని తనే నమ్మలేకపోయింది. "మరి మధ్యలో ఉన్న తొమ్మిదిమంది సార్?"

"వాళ్లకెవరికీ ఫస్టని మెసేజి పోలేదు కదమ్మా."

ఆ తొమ్మిదిమంది గురించి ఇంకోసారి అడగబోయింది. మణెమ్మ మొహం గుర్తొచ్చి ఊరుకుంది.

"ఆ రోజు నీ మాట వినకపోవడం నాదే పొరపాటు," అన్నాడు జోగారావు. ఆయన నోట ఆ మాట ఆఫీసులో ఎవరూ విని ఉండరు. "నువ్వడిగిన మూడో చోటు కూడా పెట్టించు. ఆలస్యం చెయ్యకు. రేపే మొదలుపెట్టు."

సింధూర కళ్లు చెమర్చాయి. ఎవరికీ అర్థం కాదనుకున్న విషయం చివరికి ఈయనకు అర్థమయింది.

"థాంక్యూ సార్. ఎక్కడ పెట్టమంటారు?"

"పెద్ద అంబర్‌పేట్‌లో," అన్నాడు జోగారావు, శ్రీకర్, సాయిప్రియ ఫొటోలతో అప్పుడే తయారైన కొత్త ఫ్లెక్సీ డిజైను ఆమె వైపు తిప్పుతూ. "వచ్చే ఏడాది అక్కడ కూడా మనకో ఫస్టు ర్యాంకు రావాలి!"