మంచి చెయ్యి

జట్కా తోలే హజరత్తయ్య ఆ పొద్దున గుర్రం చాటున దాక్కున్నాడు. గుర్రం బక్కది, అతను లావు. దొరికిపోయాడు.

"ఏందన్నా, నీ కోసరం మార్కెట్టంతా కాచుకోని ఉంటే ఈడ గుర్రానికి కాపలానా?"

చేపల పేరమ్మ అతని కుడిచెయ్యి పట్టుకుంది. పట్టుకుంటే ఆ చెయ్యే పట్టుకోవాలి. నెల్లూరి పాత మార్కెట్టులో అంత మంచి చెయ్యి మరొకటి లేదు. అతను బోణీ చేసిన తట్ట మధ్యాహ్నానికల్లా ఖాళీ. ఆ చేత్తో మొదలైంది ఏదీ మధ్యలో ఆగదని అందరి నమ్మకం.

మార్కెట్టు దొరలు కట్టించింది. దొరలు పోయాక దానికి కొత్త రేకులు దొరకలేదు. పేరుకు కప్పు, వానొస్తే కింద కప్పలు. రేకులు మార్చమని ఇక్కడ సరుకు అమ్ముకునే ఆడవాళ్లు మున్సిపాలిటీ చుట్టూ తిరగని ఏడాది లేదు. తిరిగి తిరిగి, అరవై రెండులో, ఏదో పని మంజూరైందన్న కబురు విన్నారు. ఇవాళ కంట్రాక్టరు మునెయ్య కూలీలతో దిగాడు.

"మార్కెట్టు పని మధ్యలో ఆగకూడదమ్మా. మొదటి పోటు మంచి చెయ్యి వెయ్యాల. ఎవరున్నారు?" అన్నాడు.

ఎవరుండడమేమిటి! పేరమ్మ అప్పటికే గుర్రం దగ్గరికి పరుగెత్తింది.

నిన్న సాయంత్రం మునెయ్యను ఇంటి దగ్గర దింపింది హజరత్తయ్య బండే. మునెయ్య దిగాడు గానీ, ఆ తర్వాత హజరత్తయ్యకు ముద్ద దిగలేదు.

"చెయ్యి నొప్పి పేరమ్మా."

"ఒక్క పోటన్నా! మిగతాది కూలోళ్లు చూసుకుంటారు."

"జొరం గూడా..."

కూరల రెబెక్కమ్మ అతని నుదురు తాకి చూసింది. "నా వంకాయలు ఇంతకంటే వెచ్చగుండాయి. వంకలు చాలించి రా అన్నా."

ఇద్దరూ చెరో రెక్కా పట్టి నడిపించారు. దారిలో హజరత్తయ్య నోరు తెరిచాడు.

"అమ్మా, నిన్న బండిలో మునెయ్య అన్నాడు. ఆ రేకులు లే—"

చేపల వాసనతో సహా పేరమ్మ చెయ్యి అతని నోటి మీద పడింది.

బోణీ కాకముందు ఆ మార్కెట్టులో లేదు, కాదు, వద్దు అనే మాటలు వినపడకూడదు. రొయ్యలు అయిపోతే నిండుకున్నాయనాలి. బేరం కుదరకపోతే మళ్లీ రమ్మనాలి. ఆ నియమం హజరత్తయ్యకు తెలియనిదా? పుట్టి బుద్ధెరిగాక బోణీ అడిగినవాళ్లను కాదన్న పాపాన పోలేదు.

"బోణీ నోరు, బంగారం లాంటి నోరు, గమ్మునుండు," అంది పేరమ్మ. "రేకులు ఇయ్యాల రాకుంటే రేపొస్తాయి. చెప్పేదేమన్నా ఉంటే పోటేసి చెప్పు."

గునపానికి పసుపు రాసి బొట్టు పెట్టారు. రెబెక్కమ్మ కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకుంది. మునెయ్య మొదటి స్తంభం అడుగు చూపించాడు. రేకులు పైనుంటే పోటు కిందెందుకని ఎవరూ అడగలేదు. కొత్తది రావాలంటే పాతది కదలాలి గదా!

హజరత్తయ్య గునపం ఎత్తాడు. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు.

"చూడండే, సంతోషం పట్టలేకపోతుండాడు!" అంది పేరమ్మ.

పోటు పడింది. సున్నం పెళ్ల రాలింది. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. మునెయ్య సైగ చేయగానే కూలీలు నాలుగు వైపులా గునపాలు పట్టుకుని లేచారు.

"బోణీ అయిందిలే. ఇంక చెప్పన్నా, ఇందాక ఏందో అంటివే?"

హజరత్తయ్య తన కుడిచేతిని తానే ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"మునెయ్యకిచ్చింది రేకులేసే కంట్రాక్టు కాదు పేరమ్మా, మార్కెట్టు పడగొట్టే కంట్రాక్టు."