ఆరున్నర వేల రసీదు

సామాను దించడం అయిపోయింది. ఇక మిగిలింది రసీదే.

"ప్రభుదాసన్నా, తొమ్మిది వేలని రాయుండ్రి," అంది నిరోష.

"మీరిచ్చింది ఆరున్నర వేలు గద మేడం," అన్నాడు సామాను తెచ్చిన డీసీఎం వ్యాను డ్రైవర్.

నిరోష జూనియర్ అసిస్టెంట్. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బదిలీ అయింది. రసీదు పెడితే సామాను తెచ్చుకున్న ఖర్చు సర్కారు తిరిగి ఇస్తుంది. ఆ డబ్బుతో ఒక పాత స్కూటీ కొనాలని ఆమె ఆశ. అద్దె తక్కువని పొలాల మధ్య ఇల్లు తీసుకుంది మరి. రోజూ ఆటోల కోసం కాళ్లు పీకేలా నిలబడడం ఆమె వల్ల కాదు.

"అందరు గిట్లనే రాయించుకుంటరన్నా. మీ జేబులకెళ్లి పోతదా ఏంది?"

"పోదు మేడం. కని నేను రాయ."

బండి నంబరు, తారీఖు, కిలోమీటర్లు, ఒక్కటీ వదలకుండా గుండ్రటి అక్షరాలతో నింపాడు. ఆరున్నర వేలే వేసి సంతకం పెట్టాడు.

నిరోషకు ఒళ్లు మండింది. మరుగుతున్న చాయ్ దింపేసి, "ఇగ పోండి," అంది.

ఆయన నవ్వి, దండం పెట్టి బండెక్కాడు.

రెండు నెలలకు నిరోష బిల్లు పాసైంది. ఆమెతో పాటు బదిలీ మీద వచ్చిన ఇద్దరికి మాత్రం మెమోలు వచ్చాయి. పైఆఫీసు వాళ్లు డ్రైవర్లకు ఫోన్ చేసి, కిరాయి ఎంత తీసుకున్నారో అడిగారట.

తొమ్మిది వేలు రాయించుకోబోయిన సంగతి నిరోషకు గుర్తొచ్చింది. ఆ వెంటనే ప్రాణం హాయిగా అనిపించింది. మెమో తప్పింది, స్కూటీ కూడా వస్తోంది!

జిలేబీ పొట్లం పట్టుకుని సూపరింటెండెంట్ బాలరాజు దగ్గరికి వెళ్లింది.

"గా డ్రైవరన్న పుణ్యం సార్. ఎంత బతిమిలాడినా ఒక్క రూపాయి ఎక్కువ రాయలే. నేనే కోపంల చాయ్ గూడ పోయకుంట పంపిన."

బాలరాజు ఫైలు తెరిచి, ఈసారి రసీదు మీది సంతకం పరికించి చూశాడు. జిలేబీ అందుకోబోయిన చెయ్యి ఆగిపోయింది.

"ప్రభుదాసు సార్!"

"మీకు ఎరికేనా సార్?"

"పన్నెండేండ్ల కింద ఈ కుర్చీ ఆయనదేనమ్మా; ఎవరో ఏడిస్తే జాలిపడి, దొంగ రసీదని తెలిసి గూడ బిల్లు మీద సంతకం పెట్టిండు, నౌకరి పోయింది."