తేటనీళ్ల మీద ఫిర్యాదు

“మీ నీళ్లు మరీ శుభ్రంగా ఉన్నాయి. కాస్త మురికి చెయ్యండి,” అంది ముసలావిడ, రబ్బరు బూట్లతోనే ఆఫీసులోకి వచ్చి.

మురుగునీటి శుద్ధి కేంద్రానికి కొత్తగా వచ్చిన మేనేజరు కురమోచి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. సంచిలోంచి ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు ఒకటి తీసి బల్లమీద పరిచింది. అక్కడివాళ్లు అన్నం ముద్దకు చుట్టుకుని తినే నాచు నల్లగా నిగనిగలాడాలి. ఇది ఎండుగడ్డి రంగులో ఉంది.

“మా వలల మీద పెరిగిందే. దీన్నెవరు తింటారు నాయనా?”

“దానికి మేమేం చేస్తాం మామ్మగారూ?”

“చేసింది మీరే. నాచుకి నత్రజనే తిండి. మురుగులో ఉన్నదంతా మీ తొట్లలో సూక్ష్మజీవులకి మేపి గాల్లో కలిపేస్తున్నారు. సముద్రంలో మిగిలిన పిసరంత, కంటికి కనబడని పాచి ముందే మింగేస్తోంది. పంక్తిలో చివర కూర్చున్న మా నాచు దగ్గరకొచ్చేసరికి గిన్నె ఖాళీ.”

“ఇవన్నీ మీకెవరు చెప్పారు?”

“పరిశోధనశాల వాళ్లు ఇప్పుడు చెబుతున్నారు. నాచు ఎప్పుడో చెప్పింది. ఈ చలికాలం రెండు నెలలు కాస్త నత్రజని వదలండి. వచ్చే కోత కూడా ఇలాగే ఉంటే మా రేవులో వలలన్నీ ఎత్తేసుకోవాలి. చట్టం అడ్డురాదని నాకు తెలుసు.”

“చట్టం అడ్డురాదు. మీ రేవే అడ్డొస్తుంది.”

కురమోచి గోడమీది అద్దాల పటం దించి ఆవిడ ముందు పెట్టాడు. అందులో పసుపెక్కిన కాగితం.

“మురుగు ఎక్కువై, సముద్రాన్ని ఎర్రపాచి కమ్మి, పెంపకం చేపలన్నీ చచ్చిన ఏడాది మీ ఆడవాళ్లు మా గేటుకి అడ్డంగా కూర్చుని రాయించుకున్న ఒప్పందం ఇది. వీలైనంత నత్రజని తీసెయ్యాలని. దీన్ని కాదని నేనేం చెయ్యను?”

“కొట్టేస్తే పోలా.”

“మీరో నేనో కొట్టేస్తే చెల్లదు. సంతకానికి బదులు తమ సొంత ముద్ర వేసినవాళ్లే తమ పేరు మీద రెండు గీతలు గీసి, మళ్లీ అదే ముద్ర వెయ్యాలి. ఇదిగో, ఈ మొదటి పేరు అందరి తరఫునా నిలబడ్డ నాయకురాలిది. ఇది పోతే ఒప్పందమే పోతుంది. కానీ ఆవిడ మహా మొండిదట. పోలీసులు ఎత్తుకెళ్లి దింపేసి వస్తే, వాళ్లకంటే ముందొచ్చి మళ్లీ కూర్చుందట. అలాంటి మనిషి ఒప్పుకుంటుందా?”

“మొండిదే,” అంది ముసలావిడ. “గుడ్డిది మాత్రం కాదు.”

పటం వెనక బిళ్లలు ఆవిడే తిప్పి కాగితం బయటికి లాగింది. బల్లమీది కలం అందుకుని మొదటి పేరు మీద రెండు గీతలు గీసింది. కురమోచి కుర్చీలోంచి లేచేలోగా, కోటు జేబులోంచి చిన్న ముద్ర తీసి ఆ గీతల మీద గట్టిగా నొక్కింది.

కురమోచి వంగి చూశాడు. వెలిసిపోయిన పాత ముద్రకీ, తడి ఆరని కొత్త ముద్రకీ అంచు ఒకే చోట విరిగి ఉంది.