సూరిబాబు పద్ధతి

"కోచ్ ఖలాస్!" అన్నాడు కఫీల్, అంటే వీసా ఇచ్చి రప్పించుకున్న అరబ్బు యజమాని, కుర్చీలోంచి లేస్తూ.

ఆ మాట అర్థం కావడానికి అరబ్బీ రానక్కర్లేదు. సూరిబాబు మెడలో ఈలని గుప్పిట్లో దాచుకున్నాడు.

ఎనభై తొమ్మిది నాటి సంగతి. షార్జా అంతా క్రికెట్ పిచ్చిలో ఊగిపోతుంటే, ఈ ఇండియన్ స్కూలు కఫీల్‌కి మాత్రం బాస్కెట్‌బాల్ మీద మనసు పడింది. సొంత డబ్బుతో కోర్టు వేయించాడు. ఇండియా నుంచి కోచ్‌ని రప్పించాడు. రెండేళ్ల శిక్షణ తర్వాత ఇవాళే మొదటి పెద్ద మ్యాచ్. ఎదుటి స్కూలు పిల్లలు బుట్టలో బంతి వేసి వేసి అలిసిపోయారు. మనవాళ్లు ఒక్కటంటే ఒక్కటి వేయలేదు.

సూరిబాబు వీసా ఈ నెలాఖరుతో సరి. కఫీల్ మళ్లీ సంతకం పెట్టకపోతే విమానం ఎక్కాల్సిందే. పోతే పోయిందిలే అనుకోవడానికి లేదు. భార్య సుబ్బాయమ్మ అతనికంటే ముందే వచ్చి దుబాయ్‌లో ఓ అరబ్బుల ఇంట్లో వంట చేస్తోంది. ఏళ్ల తరబడి ఫొటోలో చూసుకున్న పెళ్లాన్ని ఇప్పుడు శుక్రవారం శుక్రవారం కళ్లారా చూసుకుంటున్నాడు. ఆ శుక్రవారాల కోసమే అతను ఈ దేశం వచ్చాడు.

ఉద్యోగం కోసం అబద్ధమేమీ ఆడలేదు. రాజమండ్రిలో ఏజెంటు, "కోచ్ లైన్లో ఎన్నేళ్లయ్యా?" అనడిగాడు.

"ఐదేళ్లండి. ఒక్కళ్లకి కూడా దెబ్బ తగలనివ్వలేదండి."

"ఆటపాటల మీద ఇష్టమేనా?"

"ఆయ్! మాకు రోజూ అదే కదండీ!"

అంతే, ఏజెంటు వీసా ఖాయం చేసేశాడు.

ఇప్పుడు ఆ వీసాకే గండం వచ్చింది. ప్రిన్సిపాల్ వెంకటరాజు అడ్డుపడ్డాడు. ఓటమిలో కూడా ఉపన్యాసానికి సరిపడా సరుకు వెతుక్కోగల విద్యావేత్త ఆయన.

"అర్బాబ్, ఒక్క నిమిషం! ఆట గెలవడం ఎవరైనా నేర్పుతారు. మా సూరిబాబు జీవితం నేర్పుతాడు. ఆట తెలిసిన కోచ్ ఆటే నేర్పుతాడు. ఈయన ఆట తప్ప అన్నీ నేర్పాడు!"

ఆ మాట అక్షరాలా నిజం. పొద్దున్నే బంతిలో గాలి చూసి, శుభ్రంగా తుడిచి, కళ్లకద్దుకుంటే గాని సూరిబాబు పిల్లలకి ఇవ్వడు. "తొందరపడ్డవాడు ఇల్లు చేరడు" అంటాడు. "ముందువాడి వీపు మీద పడిపోకు" అంటాడు. "ఎదురొచ్చేవాడికి దారివ్వండర్రా, మన సొమ్మేం పోయింది!" అంటాడు. ఇవాళ పిల్లలు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు. ఎదుటి జట్టుకి అడిగినంత దారిచ్చారు.

ఎవడైనా రూలు అడిగితే, "మీలో మీరే తేల్చుకోండ్రా" అని తప్పుకుంటాడు. వెంకటరాజు దానికి నాయకత్వ శిక్షణ అని పేరు పెట్టి వార్షికోత్సవంలో గంటసేపు మాట్లాడాడు.

కఫీల్ ముఖం మాత్రం విప్పారలేదు. దాంతో వెంకటరాజు తల్లిదండ్రుల్ని ముందుకు తోశాడు.

దుబాయ్ నైఫ్ బజారులో బట్టల కొట్టున్న ఇమామ్ హుస్సేన్ సలాం కొట్టాడు. "సాబ్, మావోడు ముందు రోడ్డు కనబడితే చాలు, అడ్డంగా ఉరికేటోడు. ఇప్పుడు ఆగుతాడు. ఇటు చూస్తాడు, అటు చూస్తాడు. అప్పుడు దాటుతాడు. మా ఇంటామె రోజూ ఈ కోచ్ సాబ్ కోసం దువా చేస్తది."

ఆస్పత్రిలో నర్సు మాణిక్యం అందుకుంది. "మావోడైతే ఆళ్ల నాన్ననే దారిలో పెట్టేత్తన్నాడండి. నిద్ర చాలకుండా డ్యూటీకెల్లకూడదంట. ఎల్లేముందు అన్నీ సరిసూసుకోవాలంట. ఈ ఆట ఇంత మంచిదని మాకు తెలవదండి బాబూ!"

వెంకటరాజు ఇదంతా హిందీలో విడమరిచి చెప్పాడు. కఫీల్ గడ్డం నిమురుకుంటూ ఆలోచనలో పడ్డాడు. ఆయన పెద్దకొడుకు కొత్త కారు రెండుసార్లు బోల్తా కొట్టించాడు. ఎవరి మాటా వినడు.

"వాడికి కూడా ఈ బాస్కెట్‌బాల్ నేర్పిస్తావా?" అని వచ్చీరాని హిందీలో అడిగాడు కఫీల్.

"నేర్పిత్తానండి!" అన్నాడు సూరిబాబు, అడిగిందే తడవుగా.

"యల్లా! ఇంకో రెండేళ్లు!" కఫీల్ అక్కడికక్కడే సంతకం పడేశాడు.

అందరూ వెళ్లాక సూరిబాబు స్తంభానికి ఆనుకుని కళ్లు తుడుచుకున్నాడు. శుక్రవారాలు దక్కాయి. ఈ వారం సుబ్బాయమ్మకి ఏడుపు మొహంతో కాకుండా నవ్వుమొహంతో కనబడొచ్చు. ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"ఒక గండం గడిచింది సూరిబాబూ, ఇంకోటి ఉంది" అంటూ వెంకటరాజు భుజం మీద చెయ్యేశాడు. "స్కూలు బస్సు డ్రైవరు పొద్దున్నే మానేసి పోయాడు. మీ గోదావరి వైపు బాగా చెయ్యి తిరిగినవాడు ఎవడైనా ఉంటే చెప్పవయ్యా. జీతం నీకంటే ఎక్కువే. గేటు పక్కన ఇల్లు కూడా ఇస్తారు. పెళ్లాంతో రోజూ కాపురం చేసుకోవచ్చు."

రాజమండ్రి, హైదరాబాదుల మధ్య ఐదేళ్లపాటు సినిమాలేసే వీడియో కోచ్ బస్సు నడిపిన సూరిబాబు, ఎండలో నిలబడ్డ ఆ బస్సుకేసి చూస్తూ మెడలో ఈల సర్దుకుని, "బస్సులోళ్లు మాకెక్కడ తెలుత్తారండీ!" అన్నాడు.